వాలు ఫ్రెట్ల గిటార్: మా డాబా మీద ఎలా చేశానంటే

మా మేనల్లుడు విశాఖలో ఒక బ్యాండ్‌లో గిటార్ వాయిస్తాడు. పాటను బట్టి ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావైనదాన్ని, ‘ఈ’ స్వరం నుంచి ‘డి’కి దించుతాడు. దించిన ప్రతిసారీ నాకు ఫోన్: "మామయ్యా, తీగ పాత నులకమంచంలా వేలాడుతోంది. గట్టిగా మీటితే శ్రుతి పక్కకి పోతోంది." లావు తీగ వేస్తే బిగువొస్తుంది గానీ మోత మొద్దుబారుతుంది. పొడుగు మెడ గిటార్ కొంటే బిగువు బాగానే ఉంటుంది, కానీ సన్న తీగలు వేలికి ఎదురు తిరుగుతాయి. లావు తీగకు పొడుగు కావాలి, సన్న తీగకు పొట్టి కావాలి. రెండూ ఒకే మెడ మీద పెడితే ఫ్రెట్లు, అంటే మెడ మీద ఉండే లోహపు మెట్లు, అడ్డంగా కాక విసనకర్ర పుల్లల్లా వాలిపోతాయి. దాన్నే ఫ్యాన్డ్ ఫ్రెట్ అనీ, మల్టీ స్కేల్ అనీ అంటారు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 400 ఏళ్ళ కిందటే ఇంగ్లండులో ఒర్ఫారియన్ అనే వాద్యానికి ఇలాగే వాలుగా మెట్లు వేసేవారు. ఎలక్ట్రిక్ గిటార్‌కి దీన్ని తెచ్చి 1989లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నవాడు రాల్ఫ్ నోవాక్. ఆ పేటెంట్ గడువు తీరిపోయి చాలా కాలమైంది కాబట్టి ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు.

నేను వడ్రంగిని కాను, సర్వేయర్‌ని. విజయనగరంలో మా డాబా మీద, ఆదివారాలు, సుమారు ఐదు నెలలు పట్టింది. చెక్కపని చాలావరకు మా వీధి చివరి వడ్రంగి మామ దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. లెక్క మాత్రం నా సొంత విద్య.

ముందు గీత

ఒక గట్టు పొడుగ్గా, ఎదురు గట్టు పొట్టిగా ఉన్న పొలాన్ని అన్నదమ్ములకి పంచుతున్నారనుకోండి. రెండు గట్ల మీదా ఒకే నిష్పత్తిలో గుర్తులు పెట్టి, గుర్తుకీ గుర్తుకీ తాడు లాగుతాం. ఆ తాళ్ళు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు, కానీ ఎవరి వాటా వాళ్ళకి లెక్క ప్రకారం వస్తుంది. వాలు ఫ్రెట్లంటే ఇంతే. గట్లు రెండూ చివరి తీగలు, తాళ్ళు ఫ్రెట్లు.

నా గట్ల కొలతలు: సన్న తీగకి 648 మిల్లీమీటర్లు, లావు తీగకి 673. మొదటిది ఫెండర్ కంపెనీ గిటార్లలో వాడే ఇరవై అయిదున్నర అంగుళాల స్కేలు, అంటే తల దగ్గర తీగ ఆనే నట్ నుంచి బాడీ మీద ఆనే బ్రిడ్జి దాకా పొడవు. రెండోది దానికి అంగుళం ఎక్కువ. 686 దాకా కూడా వెళ్తారు గానీ మొదటిసారి చేసేవాళ్ళకి ఈ అంగుళం తేడా చాలు. ఒకే తీగ, ఒకే శ్రుతి అయితే బిగువు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఈ అంగుళంతోనే ఆరో తీగకి దాదాపు 8 శాతం బిగువు ఎక్కువ వస్తుంది. మావాడికి అంతే కావాలి.

తర్వాత తేల్చుకోవాల్సింది ఏ ఫ్రెట్ నిటారుగా ఉండాలన్నది. అన్నీ వాలినా ఒక్కటి మాత్రం మెడకి సరిగ్గా అడ్డంగా ఉంటుంది, మిగతావి దానికి అటూ ఇటూ తెరుచుకుంటాయి. నేను 7వ దాన్ని ఎంచుకున్నాను. 12వది పెడితే బ్రిడ్జి వాలు తగ్గుతుంది గానీ నట్ దగ్గర వాలు పెరిగి, మొదటి మూడు ఫ్రెట్లలో కార్డులు (కొన్ని స్వరాలు ఒకేసారి) పట్టేటప్పుడు మణికట్టు మెలి తిరుగుతుంది. 7వది నిటారుగా ఉంటే లావు తీగ నట్ దగ్గర సుమారు 8.3 మిల్లీమీటర్లు తల వైపుకీ, బ్రిడ్జి దగ్గర 16.7 తోక వైపుకీ జరుగుతుంది.

మీటరు పొడవు మందపాటి కాగితం పరిచి మధ్యగీత గీయండి. దానికి సరిగ్గా అడ్డంగా ఒక గీత: అదే 7వ ఫ్రెట్. నట్ దగ్గర చివరి తీగల మధ్య దూరం 35, బ్రిడ్జి దగ్గర 52 అనుకుంటే, ఈ అడ్డగీత మీద చివరి తీగలు మధ్యగీతకి చెరో వైపు 20.3 దూరంలో పడతాయి. అక్కణ్ణుంచి సన్న తీగ వెంట తల వైపుకి 215.5, తోక వైపుకి 432.5. లావు తీగ వెంట తల వైపుకి 223.8, తోక వైపుకి 449.2. ఈ నాలుగు చుక్కలూ పడితే నట్ గీత, బ్రిడ్జి గీత వచ్చేసినట్టే.

ఇక ఫ్రెట్లు. స్కేలు పొడవుని 17.817తో భాగిస్తే నట్ నుంచి మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. మిగిలిన పొడవుని మళ్ళీ అంతతోనే భాగిస్తే ఒకటి నుంచి రెండుకి దూరం. అలా 22 దాకా. లెక్క అలా చెయ్యండి గానీ, గుర్తులు మాత్రం అలా పెట్టకండి. ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కి స్కేలు జరుపుకుంటూ పోతే ప్రతిచోటా వెంట్రుకవాసి తప్పు చేరి, చివరికి మిల్లీమీటరవుతుంది. గొలుసుతో పొలం కొలిచిన వాళ్ళెవరినైనా అడగండి, తప్పు పేరుకోవడమంటే ఏమిటో చెప్తారు. 12వ ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు తప్పితే శ్రుతి 5 సెంట్లకి (పక్కపక్క ఫ్రెట్ల స్వరాల తేడాలో నూరో వంతు ఒక సెంటు) పైగా పోతుంది. అందుకే దూరాలన్నీ నట్ సున్నా నుంచే కూడి పెట్టుకుని, ఒక మీటరు ఉక్కు స్కేలు కదపకుండా అన్ని గుర్తులూ ఒకేసారి పెట్టాలి. మీ లెక్క సరిపోల్చుకోవడానికి నావి కొన్ని, సన్న తీగ ముందు, లావు తీగ తర్వాత: 1వ ఫ్రెట్ 36.4, 37.8. 5వది 162.5, 168.8. 12వది 324, 336.5. 22వది 466.2, 484.1.

రెండు తీగల మీదా ఒకే అంకె గుర్తుల్ని గీతతో కలిపి, ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లు కూర్చునే పలక) అంచులు దాటేదాకా సాగదీయండి. నడిమి నాలుగు తీగలకి వేరే లెక్క అక్కర్లేదు. నట్ మీదా బ్రిడ్జి మీదా తీగల మధ్య దూరాలు సమంగా పంచితే, ఆ గీతలే వాటికీ సరిపోతాయి.

ఇదంతా చేత్తో ఎందుకు, ఫ్రెట్‌ఫైండ్ అనే ఉచిత సాధనం ఉంది కదా, అంకెలిస్తే బొమ్మ గీసిస్తుంది కదా అంటారు. ఉంది. మొదటిసారి నేనూ దాన్నే వాడాను. బొమ్మ పట్టుకుని పెద్ద కాగితాల మీద ప్రింటు తీసే షాపుకెళ్ళాను. అక్కడ కుర్రాడు కాగితానికి సరిపెట్టే మీట నొక్కి తీసిచ్చాడు, నేను చూసుకోలేదు. దాన్ని బోర్డుకి అంటించి 22 గాడులూ కోసేశాను. తాత్కాలికంగా ఒక తీగ కట్టి, టేపుతో 648 కొలిచి బ్రిడ్జి పెట్టి, 12వ ఫ్రెట్ మీద నొక్కితే శ్రుతి ఎటో పోయింది. స్కేలు పెట్టి చూస్తే బొమ్మ మొత్తం 3 శాతం కుంచించుకుపోయింది. 648 కాస్తా 628.5 అయింది. కోపమొచ్చి ఆ బోర్డుని మూడు ముక్కలు చేశాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే తట్టింది. 628.5 అంటే దాదాపు గిబ్సన్ కంపెనీ గిటార్ల స్కేలు! బొమ్మంతా ఒకే నిష్పత్తిలో తగ్గింది కాబట్టి ఫ్రెట్లలో తప్పేమీ లేదు. బ్రిడ్జిని కూడా ఆ ప్రింటులో ఉన్నచోటే, అంటే 20 మిల్లీమీటర్లు ముందుకి పెట్టి ఉంటే చక్కగా పలికేది. తప్పంతా సగం కొలతలు ప్రింటు నుంచీ సగం టేపు నుంచీ తీసుకోవడంలో ఉంది. ప్రింటు తీస్తే దాని మీద 100 మిల్లీమీటర్ల గీత ఒకటి వేయించి, షాపులోనే కొలవండి. కాగితం ఏదైనా సరే, నట్ నుంచి బ్రిడ్జి దాకా ప్రతి కొలతా ఆ ఒక్క కాగితం మీంచే తీసుకోవాలి.

చెక్క

బాడీకి పనస. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు పనస దుంగని తొలుస్తుంటే చాలాసార్లు చూశాను, వేరే చెక్క మీదకి మనసు పోలేదు. కొత్తలో పసుపు పచ్చగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. 45 మిల్లీమీటర్ల మందం, బాగా ఆరింది చూసి తీసుకోండి. నాది ఏడాదిపాటు అటక మీద ఉంది.

మెడకి పాత ఇల్లు పడగొడితే వచ్చిన టేకు వాసం. అరవై ఏళ్ళు కప్పు కింద ఉన్న చెక్క ఇక వంగాల్సిందంతా ఎప్పుడో వంగేసి ఉంటుందని వడ్రంగి మామ మాట. దాన్ని మూడు పట్టీలుగా కోసి, నడిమి పట్టీని తల్లకిందులు చేసి అంటించాం, ఒకటి ఒకవైపు లాగితే ఇంకోటి ఆపుతుందని. టేకులో నూనె ఉంటుంది, జిగురు పట్టదు. అంటించే ముందు అసిటోన్‌తో తుడిచి, ఆరగానే అంటించాలి. ఫింగర్‌బోర్డుకి ఆరు మిల్లీమీటర్ల రోజ్‌వుడ్ పలక. దాని పొట్టు ముక్కులోకి పోతే తుమ్ములు ఆగవు, మాస్కు పెట్టుకోండి.

గాడులు కోయడం

వీణలో మెట్టు తప్పితే మైనం వేడి చేసి జరుపుకోవచ్చు. ఇక్కడ రంపం దిగిందంటే దిగినట్టే. అందుకని ఈ ఒక్క పనికీ నేను నాలుగు ఆదివారాలు తీసుకున్నాను.

బోర్డు దీర్ఘచతురస్రంగా ఉన్నప్పుడే గాడులు కోయాలి. అంచులు సన్నం చేయడం, పైభాగం గుండ్రం తిప్పడం ఆ తర్వాతే. మామూలు గిటార్‌కి మూలమట్టం ఆనించి కోస్తూ పోతారు. మనకి మూలమట్టం 7వ ఫ్రెట్‌కి తప్ప ఎందుకూ పనికిరాదు. ప్రతి గీత కోణమూ వేరే. నేను చేసిన ఉపాయం: రెండు అంగుళాల ఎత్తున్న నున్నటి చెక్క దిమ్మె, ఒక ముఖం కచ్చితంగా నిటారుగా చిత్రిక పట్టినది. కాగితాన్ని బోర్డుకి అంటించి, సన్న కత్తితో గీత రెండు కొసల్లో గుర్తు గీరి, దిమ్మెని రెండువైపులా అంటుకునే టేపుతో ఆ గుర్తులకి ఆనించి బిగించాలి. రంపం పలకని దిమ్మె ముఖానికి అదిమిపెట్టి, మొదటి పది లాగుడులూ బరువు వేయకుండా లాగండి. గాడి తనంతట తాను దారి చేసుకుంటుంది. రంపం కోత వెడల్పు ఫ్రెట్ తీగ కాలికి, అంటే గాడిలో దిగే సన్న అంచుకి, సరిపోవాలి, సుమారు 0.58 మిల్లీమీటర్లు. మామూలు వడ్రంగి రంపంతో కోస్తే ఫ్రెట్ వదులై లేస్తుంది. ఫ్రెట్ రంపమే కొనండి. లోతు 3 మిల్లీమీటర్లు చాలు. రంపానికి రెండు పక్కలా టేపు ముక్క అంటించి హద్దు పెట్టుకున్నాను.

గీత ఏ పక్కన కోస్తున్నారో మొదటే తేల్చుకోండి. దిమ్మె ఎప్పుడూ నట్ వైపే పెడితే, కోత మందం అన్నింటికీ ఒకే వైపు పడుతుంది. నేను 9వ ఫ్రెట్ దగ్గర దిమ్మె బ్రిడ్జి వైపు తిప్పాను, కారణం కుర్చీ అటు ఉంది కాబట్టి. అర మిల్లీమీటరు తేడా. మావాడికి వినబడలేదు. నాకు తెలుసు.

తర్వాత అంచులు సన్నం చేసి, 16 అంగుళాల వ్యాసార్ధమున్న వంపు దిమ్మెకి ఎమరీ చుట్టి పైభాగం రుద్దాను. వంపు మరీ ఎక్కువైతే వాలు ఫ్రెట్లు కూర్చోడానికి మొరాయిస్తాయి, చదునుకి దగ్గరగా ఉంటేనే మేలు. వంపు తిప్పాక అంచుల్లో గాడి లోతు తగ్గుతుంది, మళ్ళీ రంపం వేసి చూసుకోండి.

మెడ, తల, ఫ్రెట్లు

మెడలో ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోహపు కడ్డీ) గాడి మామూలుగానే మధ్యగీత మీద. తల భాగంలో మాత్రం జాగ్రత్త. తలని వెనక్కి వంచే నమూనా పెట్టుకుంటే, ఆ మడత నట్‌తో పాటు వాలుగా ఉండాలి, రెండు కోణాలూ ఒకేసారి కోయడం మనవల్ల అయ్యే పని కాదు. ఫెండర్ తరహాలో చదును తల పెట్టుకుని, మెడ మట్టం కంటే దాన్ని కాస్త కిందకి దించండి.

బోర్డు అంటించేటప్పుడు జిగురు మీద అది జారుతుంది, బిగించేకొద్దీ జారుతుంది. 1వ, 20వ గాడుల్లోంచి మెడలోకి సన్న బెజ్జాలు వేసి, పళ్ళపుల్ల ముక్కలు దిగ్గొడితే కదలదు. ఆ బెజ్జాలు తర్వాత ఫ్రెట్ కింద దాక్కుంటాయి.

ఫ్రెట్ తీగ రెండు మీటర్లు తీసుకోండి. వాలు వల్ల ప్రతి ముక్కా కాస్త పొడుగవుతుంది. బోర్డు కంటే కొంచెం ఎక్కువ వంచి, నైలాన్ మొహం సుత్తితో ముందు రెండు కొసలూ, తర్వాత మధ్య కొట్టాలి. అంచులు ఆకురాయితో రాసేటప్పుడు ఒక సంగతి మామూలు గిటార్ చేసినవాళ్ళకి కూడా తట్టదు: వాలుగా ఉన్న ఫ్రెట్ కొసలో ఒక మూల మొద్దుగా, ఇంకో మూల ముల్లులా వస్తుంది. ఆ ముల్లు మూలని విడిగా, ఒక్కొక్కదాన్నీ గుండ్రం చేయాలి. 44 కొసలు. నేను ఓ పది వదిలేశాను. మా ఆవిడ మెడ మీద చెయ్యి జార్చి, "కొబ్బరి కోరం లాగుంది" అంది. మళ్ళీ కూర్చున్నాను.

బ్రిడ్జి, వైరింగు

బాడీ ఆకారం మీ ఇష్టం, దాని గురించి చెప్పేదేం లేదు. మెడ గుంట 16 మిల్లీమీటర్ల లోతు తీశాను, కానీ మీ బ్రిడ్జి ఎత్తు ముందు కొలిచి అప్పుడు తవ్వండి.

బ్రిడ్జి ఒకే ముక్కగా దొరికేవి ఫలానా వాలుకే చేసి ఉంటాయి, మన కోణానికి కుదరకపోవచ్చు. తీగకొక్కటి చొప్పున ఆరు విడి బ్రిడ్జీలు తీసుకుంటే ఏ కోణానికైనా సరిపోతాయి. వాటిని వాలు గీత వెంట వరసగా పేర్చాలి గానీ, ఒక్కొక్కటీ తన తీగ దిక్కుకే చూడాలి. నా కొలతల్లో పక్కపక్క బ్రిడ్జీల మధ్య 3.3 మిల్లీమీటర్ల అంచెలు వచ్చాయి, మెట్లదారిలాగ. తీగ ఆనే సాడిల్‌ని దాదాపు పూర్తిగా ముందుకి తిప్పి, అక్కడ కాగితం మీది కొలత పడేలా స్క్రూలు వేయండి. ఎందుకంటే శ్రుతి సరిచేసేటప్పుడు సాడిల్ వెనక్కే పోవాలి: సన్న తీగకి ఒకటి రెండు, లావు తీగకి నాలుగైదు మిల్లీమీటర్లు.

ఇక నేను రెండు రాత్రులు తల పట్టుకున్న విషయం. అంతా బిగించి యాంప్‌కి పెడితే ‘గుయ్’మని మోత. ఒకటో తీగ ముట్టుకుంటే ఆగుతుంది, మిగతా అయిదింటికీ ఆగదు. పికప్ (తీగ కదలికని కరెంటు సంకేతంగా మార్చే భాగం) మార్చాను, జాక్ మార్చాను. చివరికి మల్టీమీటర్ పెడితే తెలిసింది. మామూలు బ్రిడ్జి ఒకే లోహపు ముక్క కాబట్టి దానికి ఒక గ్రౌండ్ వైరు చాలు. ఇక్కడ ఆరు ముక్కల మధ్యా చెక్కే ఉంది, నేను వైరు పెట్టింది ఒక్కదానికే. ఆరింటి కిందా రాగి రేకు పట్టీ ఒకటి పరిచి, దాన్ని గ్రౌండ్‌కి కలపగానే మోత పోయింది. బ్రిడ్జీలు బిగించే ముందే ఈ పట్టీ వేసుకోండి.

పికప్‌ని కూడా వాలుగా పెట్టాలనుకుంటే ఆరు మొలల రకం వద్దు. 52 మిల్లీమీటర్ల దూరమున్న మొలలు 18 డిగ్రీలు వాలితే 49.5కి దగ్గరపడతాయి, చివరి తీగలు వాటి మీదినుంచి తప్పుకుంటాయి. నిలువు పట్టీ ఉండే రైల్ రకం హంబకర్ (రెండు తీగచుట్లున్న పికప్) పెడితే తీగ ఎక్కడ పడినా ఫర్వాలేదు. దానికి 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్ ఒకటి, జాక్ ఒకటి, అంతే పెట్టాను.

తీగలు కట్టాక

నట్ వాలుగా ఉన్నా గాడులు మాత్రం తీగ దిక్కులోనే రాయాలి. అలవాటులో నట్‌కి అడ్డంగా ఆకురాయి పట్టారో, తీగ గాడిలో ఇరుక్కుని ‘టిక్’మంటూ శ్రుతి జారుతుంది. తీగ చివరగా ఆనే చోటు ఫ్రెట్ల వైపు అంచే కావాలి, వెనకవైపు కాస్త దిగువకి వాలాలి.

10-46 తీగల సెట్టు (సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేశాం. 12వ ఫ్రెట్ మీద ఎత్తు సన్న తీగకి ఒకటిన్నర, లావు తీగకి రెండు మిల్లీమీటర్లు. ఫ్రెట్ల మీద మార్కర్ పూసి, చదును పట్టీకి ఎమరీ అంటించి రుద్దితే ఎక్కడ ఎత్తుందో రంగే చెప్తుంది. పట్టీని ఫ్రెట్లకి అడ్డంగా కాదు, తీగల దారిలో నడపాలి. తర్వాత ఒక్కో తీగకీ 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటే స్వరం), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో చూడండి. నొక్కినది హెచ్చితే సాడిల్ వెనక్కి, తగ్గితే ముందుకి.

మావాడు మొదటి పది నిమిషాలు బార్ కార్డు (ఒక వేలితో తీగలన్నీ నొక్కేది) పడుతూ తిట్టుకున్నాడు, తర్వాత వాలు సంగతే మరిచిపోయి డి కి దించి వాయించడం మొదలెట్టాడు. వానలు మొదలయ్యాక మెడ కాస్త వంగుతుంది, ట్రస్ రాడ్‌ని పావు మలుపు మించి ఒకేసారి తిప్పొద్దని చెప్పి, అలెన్ కీ గిటార్ సంచిలో పెట్టి పంపాను. కీ ఎక్కడో పారేసుకున్నాడట, నిన్ననే ఫోన్ చేశాడు.